పింఛను సులువు చేయడంపై ఊరి మాట అడిగేదెట్లా

తెలంగాణ పల్లెల్లో "సర్కారు పింఛను పద్ధతి సులువు చేయాల్నా?" అని అడిగితే ఊరంతా చేయాల్నంటది. దాంతో తెలిసేదేమీ లేదు. మర్రిగూడ దిక్కు ఫ్లోరైడుతో నడుం వంగినాయనకు సులువంటే వైకల్యం ఎంతో తేల్చే సదరం సర్టిఫికెట్ తిప్పలు తప్పడం. నారాయణపేట నేతన్నకు 50 ఏళ్లకే వచ్చే పింఛను పోకుండా ఉండటం. అందుకే దరఖాస్తు, పైసలు చేతికందడం, అర్హత నియమాలు అని మూడుగా విడదీసి అడగాలి.

400 ఇండ్ల ఊరికి 50 ఇండ్లు చాలు. పంచాయతీ ఇంటిపన్ను జాబితా తీసుకొని, 1 నుంచి 8 వరకు చీటీలు వేసి ఒకటి తీయండి. ఆ నంబరు ఇంటితో మొదలుపెట్టి ప్రతి ఎనిమిదో ఇల్లు అడగాలి. 2018లో పంచాయతీలైన తండాలకు జాబితా వేరే ఉంటుంది, మరువద్దు. రచ్చకట్ట మీద దొరికినవాళ్లనే అడిగితే మంచంల ఉన్న ముసలమ్మ మాట రాదు. తాళం ఉంటే పక్కింటికి పోవద్దు. మరో రెండుసార్లు పొద్దుగూకినంక పోయి చూసి, అప్పటికీ లేకుంటే 'తాళం' అని రాయండి. పాలమూరులో ఆ తాళాల వెనక ఉన్నది చాలావరకు వలసే. నెలనెలా పింఛను తెచ్చుకునే కష్టం ఎక్కువున్నదీ వాళ్లకే.

పోస్టాఫీసు లైన్లో మాత్రం అడగొద్దు. కాగితం చూడగానే పింఛను కోస్తరేమోనని భయపడి, అంతా బాగుందంటారు. ఇంటికి పోయి ముందే చెప్పండి: "అవ్వా, పింఛను రాయనీకె రాలే, తీసేయనీకె రాలే. పేరు రాసుకోం." ఆధార్, రేషన్ కార్డు ముట్టుకోవద్దు. కొడుకు అందుకొని జవాబు చెప్తుంటే, ఆయన మాట వేరే కాగితం మీద రాసి, మళ్లీ ఆమెనే అడగండి.

పైసలు తెచ్చుకునే సంగతి వచ్చినప్పుడు ఆమె వేళ్లు చూడండి. బీడీలు చుట్టి, కలుపు తీసి గీతలు అరిగిపోయి ఉంటాయి. కొంగుకు తుడిచి, తడిచేసి, మళ్లీ మళ్లీ పెట్టినా వేలిముద్ర యంత్రం పట్టదు. 2025లో పోస్టాఫీసుల్లో ముఖ గుర్తింపు తెచ్చారు. దాంతో తిప్పలు తగ్గిందా, ఎన్నిసార్లు వెనక్కి వచ్చింది అని అంకెల్లో రాసుకోవాలి.

అసలు అభిప్రాయం బయటపడేది నియమాల దగ్గరే. సులువుతో పాటు దాని ఖరీదు కూడా చెప్పి అడగాలి. "వృద్ధులకు నెలకు 2016 రూపాయలు, దివ్యాంగులకు 4016 రూపాయలు. అందరికీ ఒక్కటే చేస్తే లెక్క సులువైతది. చేయాల్నా?" "వృద్ధుల వయసును 2021లో 65 నుంచి 57కు దించిన్రు. గీత, నేత కార్మికులకు 50. అందరికీ ఒకటే వయసు పెడదామా?" "ఇంట్ల ముసలోళ్లు ఇద్దరుంటే ఒక్కరికే ఇచ్చుడు సరైనదేనా?" అడిగే నెలలో అందుతున్న మొత్తాన్నే చెప్పండి. చాలామంది ఎన్నికల హామీ గుర్తుచేసి "4000 ఎప్పుడిస్తరు?" అని మాట తిప్పుతారు. అది మొత్తం గురించిన కోరిక, పద్ధతి మీద అభిప్రాయం కాదు. వేరే గడిలో రాయండి.

లెక్క కట్టేటప్పుడు పింఛను వస్తున్నవాళ్లను, రానివాళ్లను కలపొద్దు. వస్తున్నవాళ్లు మార్పంటే జంకుతారు, రానివాళ్లు అన్నీ మార్చాలంటారు. కలిపితే రెండూ మాయమైతాయి. రెండు నెలలకోసారి జరగాల్సిన గ్రామసభలో రెండు పట్టికలూ చదివి, తాళాల సంఖ్య కూడా చెప్పి, తీర్మానం పుస్తకంలో రాయించండి.