ప్రకృతి పరిరక్షణ సంస్థలకు సీఎస్‌ఆర్ నిధులు: దరఖాస్తు విధానం

నల్లమలలోనో, కొల్లేరు ఒడ్డునో పనిచేసే స్వచ్ఛంద సంస్థ సాయం కోసం ఏ పెద్ద కంపెనీకి వెళ్లినా ముందు అడిగేది సీఎస్‌ఆర్ (కంపెనీలు లాభంలో కొంత సమాజం కోసం ఖర్చు పెట్టాల్సిన బాధ్యత) నంబరే. 2021 ఏప్రిల్ 1 నుంచి ఈ నంబర్ లేని బయటి సంస్థలతో కంపెనీలు సీఎస్‌ఆర్ పనులు చేయించకూడదు. అందుకే ప్రాజెక్టు రాయడానికి ముందే ఇది తీసుకోండి.

మీది రిజిస్టరైన పబ్లిక్ ట్రస్టో, సొసైటీనో, సెక్షన్ 8 కంపెనీనో (లాభాపేక్ష లేని కంపెనీ) అయి ఉండాలి. ఆదాయపన్ను శాఖ నుంచి 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను రాయితీ) గుర్తింపు ఉండాలి. కంపెనీ గానీ ప్రభుత్వం గానీ స్థాపించని సంస్థకైతే ఇలాంటి పనుల్లో కనీసం 3 ఏళ్ల అనుభవం కూడా కావాలి.

నంబర్ కోసం కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ పోర్టల్‌లో సీఎస్‌ఆర్-1 ఫారం నింపాలి. ఫీజు లేదు. సంస్థ పాన్, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, ట్రస్టీల లేదా కార్యవర్గం వివరాలు ఇచ్చి, డిజిటల్ సంతకం చేయాలి. ప్రాక్టీసులో ఉన్న సీఏ, కంపెనీ సెక్రటరీ, కాస్ట్ అకౌంటెంట్‌లలో ఒకరు ధ్రువీకరించాలి. పాన్‌లోనూ సర్టిఫికెట్‌లోనూ సంస్థ పేరు ఒకేలా ఉందో లేదో ముందే చూసుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు.

ఇక ప్రతిపాదన. అసలు కష్టపడాల్సింది ఇక్కడే. 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులోని నాలుగో అంశం కింద పర్యావరణం, జీవజాలం, నేల, నీటి సంరక్షణ పనులు వస్తాయి. ట్రెక్కింగ్ బృందాలు ఇది గమనించాలి: మారథాన్ లాంటి ఒక్కరోజు కార్యక్రమాలు, స్పాన్సర్‌షిప్‌లు సీఎస్‌ఆర్ కిందికి రావని మంత్రిత్వ శాఖ 2014లోనే తేల్చి చెప్పింది. అదే బృందం కొండదారుల్లో నేల కోతను ఆపే పనిని ఏడాది పొడవునా చేస్తానంటే దారి దొరుకుతుంది. పని అభయారణ్యంలో అయితే అటవీ శాఖ అనుమతి పత్రం జతచేయండి. అది లేకుండా నిధులొచ్చినా పని మొదలవదు.

ఏ కంపెనీని అడగాలి? నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్ల రూపాయలు, వీటిలో ఏ ఒక్కదాన్ని చేరినా ఆ కంపెనీ తన గత 3 ఏళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం ఖర్చు పెట్టాలి. తమ చుట్టుపక్కల ప్రాంతాలకు ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెబుతోంది కాబట్టి మీ దగ్గర్లోని ఫ్యాక్టరీతో మొదలుపెట్టండి. వచ్చే ఏడాది కార్యాచరణ ప్రణాళికలో చోటు దొరకాలంటే మార్చి చివరిదాకా ఆగకుండా జనవరిలోపే ఇవ్వడం మంచిది.

డబ్బు అందాక ప్రతి బిల్లూ దాచండి. నిధులు చెప్పిన పనికే ఖర్చయ్యాయని కంపెనీ ఆర్థిక అధికారి బోర్డుకు ధ్రువీకరించాలి. ఆయనకు ఆధారం మీరిచ్చే లెక్కలే.