కార్ల పిల్లల సీటు ఊగుతుందా? కొత్తది కొనేముందు ఇవి చూడుండ్రి

హన్మకొండ నుంచి హైదరాబాద్‌కు నెలకు రెండుసార్లన్న పోతం మేము. జనగామ వచ్చేసరికే మా చిన్నోని సీటు ఓ పక్కకు ఒరిగేది, వాడు దాంతోటే ఒరిగి పండుకునేటోడు. మూడు నెలలు ఆ సీటును తిట్టుకున్న, తీరా చూస్తే తప్పు బిగించిన నాది. ఇప్పుడు చుట్టాలల్ల ఎవరు సీటు కొన్నా నాకే ఫోన్ చేస్తున్నరు, అందరికీ చెప్పేది ఇదే.

పట్టుకొని ఊపితే సీటు ఊగుతది

ముందు ఎక్కడ పట్టుకొని ఊపుతున్నరో చూసుకోండి. పైభాగం పట్టుకొని ఊపితే ఏ సీటైనా ఊగుతది, వెనక్కి తిరిగి ఉండే సీటైతే ఇంకా ఎక్కువ. కారు బెల్ట్ సీట్లకెల్లి పోయే చోటు ఉంటది కదా, అక్కడ ఒక్క చేత్తో మామూలు బలంతోటి పక్కలకు, ముందుకు లాగుండ్రి, అంగుళం కన్నా తక్కువ కదిలితే మంచిగున్నట్టే.

అంగుళం దాటిందంటే చాలావరకు బెల్ట్ల లూజు ఉన్నట్టు. మన కార్లల్ల ఎక్కువశాతం బెల్టులు సడన్ బ్రేక్ పడ్డప్పుడే లాక్ అయితయి, మెల్లగ లాగితే వస్తనే ఉంటయి, అందుకే ఇంటికాడ టైట్‌గ కనిపించింది గంట ప్రయాణంల వదులైతది. మోకాలు సీట్ల ఆనించి బరువంత వేసి, ముందు నడుం దగ్గరి బెల్ట్, తర్వాత భుజం వైపుది లాగి, సీటుకు బెల్ట్ పట్టే క్లిప్ ఉంటే అది వెయ్యాలె. నేను ఆ క్లిప్ ఉన్నదనే చూడలే, మూడు నెలలు!

ఇంకోటి బెల్ట్ దారి. ఆర్ 44 (పిల్లల సీట్ల పాత భద్రతా ప్రమాణం) రకం సీట్లకు వెనక్కి తిరిగి పెడితే నీలం గుర్తుల్లకెల్లి, ముందుకు పెడితే ఎర్ర గుర్తుల్లకెల్లి బెల్ట్ పోవాలె. దారి తప్పితే ఎంత గుంజినా ఆగది. బెల్ట్ బకిల్ పొడుగుగ ఉండి సీటు ప్లాస్టిక్ అంచు మీద వంగినా టైట్ కాదు, అప్పుడు వెనక రెండో వైపు పెట్టి చూడుండ్రి.

ఇగ మా అమ్మ సంగతి: పిల్లగానికి మెత్తగ ఉండాలని సీటు కింద బొంత పరిచింది. బొంత అణుగుతది, అణిగినంత బెల్ట్ వదులైతది. తీసేసినం, రెండ్రోజులు అలిగింది.

ఐసోఫిక్స్ టక్కుమన్నది కానీ గుర్తు ఇంకా ఎర్రగనే ఉన్నది

ఐసోఫిక్స్ అంటే పిల్లల సీటును బెల్ట్‌తోటి కాకుండ కారు సీటు లోపలి కడ్డీలకు తగిలించే పద్ధతి. గుర్తు ఎర్రగుంటే ఒక వైపే పట్టిందన్నట్టు. రెండు వైపులా ఆకుపచ్చగ మారాలె. మనకాడ కారు కొనంగనే సీటు కవర్లు కుట్టిస్తరు కదా, లోపలి కడ్డీలను ఆ కవరే కప్పేస్తది. చెయ్యి పెట్టి తడిమితే మాకు కవర్ గుడ్డతోటి పాటు పల్లీలు కూడ దొరికినయి. సాఫ్ చేసి మళ్ల దూర్చుండ్రి.

బ్రేక్ కొడితే సీటు ముందుకు తల ఊపుతది

పిల్లల సీటు వీపు పైభాగంల ఉండే తాడు కారుకు తగిలించలేదు, అంతే. దాని కొక్కెం కారును బట్టి వెనక సీటు వీపుకో, డిక్కీ అడుగునో ఉంటది. సామాన్లు కట్టే రింగుకు తగిలియ్యొద్దు, కారు పుస్తకం చూసి అసలుదాన్ని పట్టుకోండి. తాడుకు బదులు కాలు ఉన్న సీటైతే ఆ కాలు నేలకు గట్టిగ ఆనాలె, కింద సామాన్ల డబ్బా ఉన్న మూత మీద కాదు.

పిల్ల తల ఛాతీ మీదికి వాలుతది

సీటు నిటారుగ అయింది, చంటిపిల్లకు ఇది ప్రమాదం, ఊపిరికి అడ్డం. సీటు మీద ఉండే గీత గానీ బుడగ గానీ చూసి వాలు సరిచెయ్యాలె, కారు చదునుగున్న చోట ఆపి. ఆర్ 129 (ఆర్ 44 తర్వాత వచ్చిన కొత్త ప్రమాణం) సీట్లల్ల 15 నెలలు నిండేదాక వెనక్కే తిరిగి ఉండాలె. ఎయిర్‌బ్యాగ్ ఆన్‌ల ఉన్న ముందు సీట్ల వెనక్కి తిరిగిన సీటు అస్సలు పెట్టొద్దు, తెరుచుకుందంటే నేరుగ ఆ సీటు వీపుకే కొడతది.

పిల్లగాడు పట్టీలల్లకెల్లి చేతులు గుంజుకుంటడు

భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతోటి గిల్లి చూడు, మడత దొరికితే లూజు. వెనక్కి తిరిగితే పట్టీలు భుజాల ఎత్తుల గానీ కొంచెం కింద గానీ, ముందుకు తిరిగితే భుజాల ఎత్తుల గానీ కొంచెం పైన గానీ రావాలె. చలికాలం మందపు స్వెట్టర్ వేసి బిగిస్తే లోపల గాలి ఉంటది, స్వెట్టర్ విప్పి కట్టి పైన దుప్పటి కప్పుండ్రి.

ఏడుస్తడు, ఆలేరు దగ్గర అమ్మమ్మ ఒళ్లెకు పోతడు

ఎండాకాలం ముందు బకిల్ ముట్టి చూడుండ్రి, మన మే నెల ఎండల పార్క్ చేసిన కార్ల అది కాలుతది, దిగినప్పుడు సీటు మీద తెల్ల తువ్వాల కప్పితే సరి. బకిల్ పడకపోతే లోపల పాలో, బిస్కెట్ ముక్కో ఇరుక్కున్నట్టు, సీటు పుస్తకంల చెప్పినట్టే కడుక్కోవాలె, నూనె మాత్రం పొయ్యొద్దు. ఇవన్నీ చూసినా ఏడిస్తే ఒళ్లె తీసుకునుడు కాదు, రోడ్డు పక్కకు సేఫ్‌గ ఆపి పది నిమిషాలు దింపుండ్రి. 14 ఏళ్లలోపు పిల్లలను బెల్టో పిల్లల సీటో లేకుండ తీసుకపోతే 2019ల మార్చిన మోటారు వాహనాల చట్టం ప్రకారం వెయ్యి రూపాయల ఫైన్. మా అత్తమ్మ ఆ వెయ్యికే భయపడి ఒప్పుకున్నది, నేను ఇంకేం వాదించలే.