పారదర్శక వాహకాల వేట, 4వ పాఠం: ఎఫెక్టివ్ మాస్, మాయమయ్యే 2π

పారదర్శక వాహకాలంటే వెలుగును అడ్డుకోకుండా కరెంటును పోనిచ్చే పదార్థాలు. పోయినసారి గ్యాప్‌ను (ఎలక్ట్రాన్లు నిండిన వాలెన్స్ బ్యాండ్‌కూ, పైన ఖాళీగా ఉండే కండక్షన్ బ్యాండ్‌కూ మధ్య శక్తి తేడా) బట్టి వాటిని ఏరే వడపోత చాలామందికి బెడిసికొట్టింది. 3.1 ఎలక్ట్రాన్ వోల్టుల కటాఫ్‌ను నేరుగా పీబీఈ (గ్యాప్‌ను బాగా తక్కువ చేసి చూపే, చవకైన లెక్క పద్ధతి) గ్యాప్‌ల మీద పెట్టేశారు. దాంతో జింక్ ఆక్సైడ్ పోయింది, టిన్ ఆక్సైడ్ పోయింది, ఆఖరికి ఫోన్ తెరల్లో వాడే ఐటీవోకి (టిన్ కలిపిన ఇండియం ఆక్సైడ్) మూలమైన ఇండియం ఆక్సైడ్ కూడా పోయింది. 3.1 అనేది కంటికి కనిపించే వెలుగులో ఊదా రంగు చివర. దాన్ని ప్రయోగంలో కొలిచిన గ్యాప్‌తో పోల్చాలి. జింక్ ఆక్సైడ్ అసలు గ్యాప్ 3.4 అయితే పీబీఈ 0.8 కూడా ఇవ్వదు. కాబట్టి పీబీఈ దశలో 0.2 చాలు, లోహాలు తప్పుకుంటే అదే పదివేలు. మిగిలినవాటికి హెచ్‌ఎస్‌ఈ06 (గ్యాప్‌ను ఇంకాస్త సరిగ్గా ఇచ్చే, ఖరీదైన పద్ధతి) నడపండి. అక్కడా జింక్ ఆక్సైడ్‌కు 2.5 దగ్గరే వస్తుంది కనుక కటాఫ్ 2.3 పెట్టండి. ఇండియం ఆక్సైడ్‌ది ఇంకో తిరకాసు: దాని అసలు గ్యాపే 3 లోపు. అయినా గ్యాప్ అంచు దగ్గరి ట్రాన్సిషన్లను (వెలుగును పీల్చి ఎలక్ట్రాన్ పై బ్యాండ్‌కు దూకడం) సౌష్ఠవం అడ్డుకుంటుంది కాబట్టి, గట్టి శోషణ 3.7 దగ్గర గానీ మొదలవదు. ఏ వడపోతైనా ముందు ఈ మూడింటి మీద నడిపి చూడనిదే నేను వాడను.

ఇక ఈసారి పని ఎఫెక్టివ్ మాస్, అంటే పదార్థం లోపల ఎలక్ట్రాన్ ఎంత బరువున్నట్టు కదులుతుందో లెక్కించడం. అది ఎంత తక్కువైతే కరెంటు అంత సులువుగా పోతుంది. కండక్షన్ బ్యాండ్ అడుగు ఎక్కడుందో కనుక్కుని, అక్కడి నుంచి ఒక్కో దిశలో ఐదారు బిందువుల దగ్గర శక్తి తీసుకుని, పారాబోలా అమర్చండి. అడుగు నుంచి 0.1 ఎలక్ట్రాన్ వోల్టు దాటి పోవద్దు, పైన వంపు మారిపోతుంది. సూత్రం ఇంతే: m = 3.81 × k² ÷ E. ఇక్కడ k అంటే అడుగు నుంచి ఎంత దూరం జరిగామో, E అంటే అక్కడ శక్తి ఎంత లేచిందో. k ఆంగ్‌స్ట్రామ్ విలోమాల్లో, E ఎలక్ట్రాన్ వోల్టుల్లో ఉండాలి. జవాబు ఎలక్ట్రాన్ ద్రవ్యరాశికి ఎన్ని రెట్లో వస్తుంది.

అందరూ పడే గొయ్యి kలోనే ఉంది. ఇన్‌పుట్‌లో ఇచ్చే 0.02 భిన్నం మాత్రమే, దాన్ని రెసిప్రోకల్ వెక్టర్ (k అంకెలను కొలిచే విలోమ జాలకపు వెక్టర్) పొడవుతో గుణించాలి. లెక్కలు చేసే వ్యాస్ప్ ప్రోగ్రామ్ అవుట్‌కార్ ఫైల్‌లో అచ్చయ్యే ఆ వెక్టర్లలో 2π ఉండదు. ఏఎస్‌ఈ అనే పైథాన్ లైబ్రరీ ఇచ్చేవాటిలోనూ ఉండదు. పైమాట్‌జెన్ అనే ఇంకో లైబ్రరీలో మామూలు రెసిప్రోకల్ లాటిస్‌లో ఉంటుంది, 'క్రిస్టలోగ్రాఫిక్' అని పేరున్న దాంట్లో ఉండదు. వ్యాస్ప్ లాంటిదే అయిన క్వాంటమ్ ఎస్ప్రెస్సో కార్టీజియన్ అంకెలను 2π/ఎలాట్ (ఎలాట్ అంటే జాలకం పొడవు) ప్రమాణంలో ఇస్తుంది, అంటే గుణించే పని మీదే. జింక్ ఆక్సైడ్‌కు జాలకం పొడవు a = 3.25 ఆంగ్‌స్ట్రామ్‌లు, షట్కోణ జాలకం కనుక వెక్టర్ పొడవు 4π ÷ (1.732 × 3.25) = 2.23. అందులో 0.02 వంతు 0.0446. అక్కడ శక్తి 0.05 లేచిందనుకుంటే m = 0.15. 2π మరిచిపోతే 0.0038 వస్తుంది, అంటే దాదాపు 39 రెట్లు తక్కువ. చిక్కేమిటంటే ప్రోగ్రామ్ ఎర్రర్ చూపించదు, పనికిమాలిన పదార్థం జాబితాలో మొదటి వరుసకు ఎక్కి కూర్చుంటుంది. ఆక్సైడ్‌కు 0.05 కంటే తక్కువ వస్తే సంబరపడకండి, ముందు 2π వెతకండి.

ఆ 0.15 కూడా తక్కువే, ప్రయోగంలో 0.28 దాకా ఉంటుంది. పీబీఈ గ్యాప్‌ను కుదించినప్పుడు మాస్ కూడా తగ్గుతుంది. వరుసక్రమం చూసుకోవడానికి పర్వాలేదు, అంకెగా మాత్రం రాసుకోవద్దు.

అభ్యాసం: టిన్ ఆక్సైడ్‌కు స్ఫటికపు c అక్షం దిశలోనూ, దానికి లంబంగానూ మాస్ లెక్కించండి. ప్రయోగ విలువలు వరుసగా 0.23, 0.30. మీ అంకెలు చిన్నవిగా రావచ్చు, కానీ లంబ దిశదే పెద్దది కావాలి. ఓపిక ఉంటే 1997లో పీ-రకం (కరెంటును హోల్స్, అంటే ఎలక్ట్రాన్లు లేని ఖాళీలు మోసే రకం) వాహకంగా పేరు తెచ్చుకున్న కాపర్ అల్యూమినియం ఆక్సైడ్‌కు హోల్ మాస్ కూడా చేయండి. దాని వాలెన్స్ బ్యాండ్ శిఖరం గామా (k = 0 బిందువు) దగ్గర ఉండదు, ముందు అదెక్కడుందో పట్టుకోవాలి.