తొలినాటి చైనా బ్లూ అండ్ వైట్ పింగాణీని మ్యూజియంలో ఎలా చూడాలంటే

నీలం పూల జాడీ కనబడగానే బాగుందనుకుని పక్క అద్దం దగ్గరకి వెళ్ళిపోతాం, కాసేపు ఆగి చూస్తే అది ఎక్కడ పుట్టి ఎవరింటికి వెళ్ళిందో దాని ఒంటి మీదే కనిపిస్తుంది. నేను చెప్పేది 14వ శతాబ్దంలో, చైనాని ఏలిన మంగోలుల యువాన్ వంశ పాలనలో, జింగ్‌దెజెన్ అనే పింగాణీ ఊరి బట్టీల్లో తయారైన సరుకు గురించి.

ముందు బొమ్మని వదిలేసి నీలం రంగుని చూడండి. అప్పట్లో ఈ నీలాన్నిచ్చే ఖనిజం కోబాల్టు పశ్చిమాసియా నుంచి వచ్చేది, అందులో ఇనుము ఎక్కువ, కాబట్టి కుంచె ఆగి రంగు చిక్కగా దిగిన చోట నల్లటి మచ్చలు పడతాయి, ఏటవాలుగా చూస్తే అక్కడ గ్లేజు, అంటే పైన ఉండే గాజులాంటి పూత, కాస్త కుంగినట్టు కూడా ఉంటుంది. 18వ శతాబ్దంలో ఆ మచ్చల అందం నచ్చి కుంచెతో కావాలని చుక్కలు పెట్టారు, అవి వరసగా లెక్కపెట్టినట్టుంటాయి. ఈ తేడా ఒక్కటి పట్టుబడితే చాలు, మిగతాది మెల్లగా వస్తుంది.

తర్వాత వస్తువు అడుగుభాగం చూడండి. పెద్ద పళ్ళేల అడుగున చాలాసార్లు గ్లేజు ఉండదు, మట్టి కాలి నారింజ రంగుకి తిరుగుతుంది. పెద్ద జాడీలైతే ముక్కలుగా చేసి అతికించేవాళ్ళు, పక్కనుంచి వెలుతురు పడితే ఆ అతుకు గీతలా తెలుస్తుంది.

సైజు కూడా చూడండి. 40 సెంటీమీటర్లు దాటిన పళ్ళెం ఎవరికి? చైనాలో చిన్న గిన్నెల్లో తినేవాళ్ళు, నలుగురూ చుట్టూ కూర్చుని ఒకే పళ్ళెంలో తినే అలవాటు ముస్లిం దేశాలది, అందుకే మంచి యువాన్ పళ్ళేలు చూడాలంటే ఇస్తాంబుల్ తోప్‌కాపీ ప్యాలెస్, టెహ్రాన్ నేషనల్ మ్యూజియం. టెహ్రాన్‌వి ఇరాన్ రాజు షా అబ్బాస్ 1611లో అక్కడి అర్దబీల్ దర్గాకి ఇచ్చిన వెయ్యికి పైగా పింగాణీ వస్తువుల్లోవి, వాటి మీద చిన్న చతురస్రంలో ఆయన వక్ఫ్ (మతపరమైన దానం) ముద్ర చెక్కి ఉంటుంది, తప్పకుండా వెతకండి. మన ఢిల్లీలో తుగ్లక్ కాలపు కోట దగ్గర కూడా ఇలాంటి పళ్ళేల ముక్కలు దొరికాయి.

లండన్ వెళ్తే బ్రిటిష్ మ్యూజియం 95వ గదిలో డేవిడ్ వాజుల (సేకర్త పర్సివల్ డేవిడ్ పేరుతో పిలిచే పూలకూజాల) జత అస్సలు మిస్ అవ్వకండి. 63 సెంటీమీటర్ల పైన ఎత్తు, మెడకి ఏనుగు తలల పిడులు, మెడ మీద రాత, ఒక భక్తుడు గుడికి ఇచ్చినట్టు తేదీతో సహా ఉంది, అది 1351. ఈ రాత వెలుగులోకి వచ్చేదాకా ఇంత పాత బ్లూ అండ్ వైట్ ఉంటుందని పెద్దగా ఎవరూ ఒప్పుకునేవాళ్ళు కాదు, ఆ తేదీ పట్టుకుని 1950ల్లో జాన్ పోప్ అనే అమెరికన్ పండితుడు తోప్‌కాపీ, అర్దబీల్ వస్తువుల్ని వీటితో పోల్చి వయసు తేల్చారు. నాకైతే ఈ జత ముందు గంట నిలబడ్డా తనివి తీరదు.

హైదరాబాద్ వాళ్ళు సాలార్‌జంగ్‌లో చైనా పింగాణీ దగ్గర ప్రాక్టీస్ చేయొచ్చు, ముందు లేబుల్ చదవకుండా మచ్చలు, సైజు చూసి కాలం ఊహించండి, ఆ తర్వాత చదవండి.