కిడ్నీ మార్పిడి అయ్యాక క్యాన్సర్ మీద ఓ కన్నేసి ఉంచడం ఎలా?

ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్లు చెకప్‌కి వెళ్తే ప్రాణమంతా కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష మీదే ఉంటుంది, అది బాగుందంటే చాలు, ఇంక దేని గురించీ అడగకుండా వచ్చేస్తారు. కానీ కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా వేసుకునే టాక్రోలిమస్, మైకోఫెనోలేట్ లాంటి మందులు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి, క్యాన్సర్ కణాలనూ కొన్ని క్యాన్సర్లు తెచ్చే వైరస్‌లనూ అదుపులో పెట్టేది కూడా ఆ శక్తే. అందుకే మిగతావాళ్లతో పోలిస్తే మొత్తం మీద క్యాన్సర్ రిస్క్ 2 నుంచి 3 రెట్లు ఎక్కువ. అలాగని టెన్షన్ పడి మాత్రలు మానేయొద్దు, సొంతంగా డోసు తగ్గించొద్దు, కిడ్నీ పోతుంది.

నెలకోసారి మంచి వెలుతురులో చర్మం మీద కొత్త మచ్చలు, మానని పుండ్లు ఉన్నాయేమో ఒళ్లంతా చూసుకోండి, వీపు ఇంట్లోవాళ్లను చూడమనండి. మెడ, చంకలు, గజ్జలు తడిమి చూడండి. గడ్డ తగిలినా, తగ్గని జ్వరం, రాత్రిళ్లు చెమటలు, ఊరికే బరువు తగ్గడం ఉన్నా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. ఈబీవీ అనే వైరస్‌తో ముడిపడిన లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) మార్పిడి అయిన మొదటి ఏడాదిలోనే వచ్చే అవకాశం ఎక్కువ.

నోటిని అసలు వదలొద్దు. అద్దం ముందు సెల్‌ఫోన్ టార్చ్ వేసుకుని బుగ్గల లోపల, నాలుక ఎత్తి దాని కింద, పైన అంగిలి చూడండి. గీకినా పోని తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, రెండు మూడు వారాలైనా మానని పుండు ఉంటే డాక్టర్‌కి చూపించాల్సిందే. గుట్కా, ఖైనీ, సిగరెట్ పూర్తిగా మానాలి. శ్రీకాకుళం వైపు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు అంగిలి క్యాన్సర్ తెస్తుంది, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం కూడా అటే కాబట్టి అక్కడి పెద్దవాళ్ల చేత ఇంట్లోవాళ్లే పట్టుబట్టి మాన్పించాలి.

ఇంకోటి చాలామందికి తట్టదు. కొత్త కిడ్నీని పొత్తికడుపులో పెడతారు, పాతవి సాధారణంగా తీయరు. ఏళ్లపాటు డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి ఆ పాత కిడ్నీల్లో నీటితిత్తులు ఏర్పడి, ఒక్కోసారి క్యాన్సర్ రావచ్చు. స్కాన్ చేసేటప్పుడు పాతవి కూడా చూడమని నోరు తెరిచి అడగండి. మూత్రంలో రక్తం పడితే, నొప్పి లేకపోయినా సరే, వెంటనే వెళ్లండి.

ఆడవాళ్లు పాప్ స్మియర్ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష), మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) ఎప్పుడెప్పుడు చేయించుకోవాలో డాక్టర్‌ని అడిగి రాయించుకోండి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్‌కి వేసే టీకాలో బతికున్న వైరస్ ఉండదు, మార్పిడి తర్వాత కూడా వేయించుకోవచ్చు. కిడ్నీని కాపాడే మందుల్లోనే ఒకటైన అజాథయోప్రిన్ వాడేవాళ్లకి ఎండ వల్ల చర్మ క్యాన్సర్ భయం ఎక్కువ, వాళ్లు ఎండలో నిండు చేతుల చొక్కా, టోపీ వేసుకోవాలి.

ఒకవేళ క్యాన్సర్ బయటపడినా దారులున్నాయి. రోగనిరోధక శక్తిని తగ్గించే మందుల డోసు డాక్టర్లే తగ్గిస్తారు, కొందరికి అదే పని చేసే వేరే మందులు సిరోలిమస్‌కో ఎవెరోలిమస్‌కో మారుస్తారు, ఆ నిర్ణయం మాత్రం కిడ్నీ డాక్టరూ క్యాన్సర్ డాక్టరూ మాట్లాడుకుని తీసుకోవాల్సిందే. వేసుకునే మాత్రల పేర్లు, డోసులు ఒక కాగితం మీద రాసి, రిపోర్టులతో కలిపి ఒకే ఫైల్లో పెట్టి ఇద్దరి దగ్గరికీ ఆ ఫైలే పట్టుకెళ్లండి.