ఇంటి స్టోరేజ్ సర్వర్‌లో ఫైళ్లు మాయమయ్యాయా? ముందు మౌంట్ చూడండి

ఇంట్లోని స్టోరేజ్ సర్వర్ మొరాయించిందని ఎవరు చెప్పినా నేను ముందు అడిగేది ఒకటే: డిస్కు మౌంట్ అయి ఉందా? ‘ఉంది, ఫోల్డర్ తెరుచుకుంటోంది కదా’ అని ఠక్కున జవాబు వస్తుంది. తెరుచుకోక ఏం చేస్తుంది? లినక్సులో మౌంట్ పాయింట్ అంటే మామూలు ఫోల్డరే. డిస్కు వచ్చి దాని మీద కూర్చుంటే డిస్కులోని ఫైళ్లు కనిపిస్తాయి. కూర్చోకపోతే అడుగున ఉన్న ఉత్త ఫోల్డర్ కనిపిస్తుంది. ఫోల్డర్ ఎలాగూ తెరుచుకుంటుంది, సాంబా ఎలాగూ దాన్ని నెట్‌వర్క్‌లో పంచుతుంది, ఫైలు పంపితే ఎలాగూ తీసుకుంటుంది. ఎక్కడా ఒక్క ఎర్రర్ కూడా రాదు.

ఈ ఒక్కటీ చూడకుండా సాంబా కాన్ఫిగరేషన్ మొత్తం తిరగరాసినవాళ్లను చూశాను. కనిపించిన ప్రతి ఫోల్డర్‌కూ 777 అనుమతులు (ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు) ఇచ్చినవాళ్లను, చివరికి ఆపరేటింగ్ సిస్టమ్‌నే మళ్లీ ఎక్కించినవాళ్లనూ చూశాను. ఫైళ్లు ఆ డబ్బాలోనే ఉంటాయి, వీళ్లు మాత్రం చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా గాలిస్తుంటారు.

ఈ జబ్బు మూడు వేషాల్లో వస్తుంది.

లక్షణం 1: షేర్ తెరుచుకుంటుంది, లోపల ఏమీ ఉండదు

ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్ ఇవ్వండి. డిస్కు జాబితాలో ఉండి, దాని ఎదురుగా మౌంట్ పాయింట్ గడి ఖాళీగా ఉంటే, డిస్కు బాగానే ఉంది కానీ మౌంట్ కాలేదని అర్థం. డిస్కే జాబితాలో లేకపోతే కేబులూ కరెంటూ చూడాలి. ముఖ్యంగా యూఎస్‌బీ పోర్టు నుంచే కరెంటు లాగే డిస్కుల్ని అంత తేలిగ్గా నమ్మకండి.

డిస్కు ఉండీ మౌంట్ కాలేదంటే ఏ డిస్కు ఎక్కడ మౌంట్ కావాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైలును నేరుగా తెరవండి. అందులో ఎస్‌డీబీ1 అనో ఎస్‌డీసీ1 అనో రాసి ఉంటే దొంగ దొరికినట్లే. ఆ పేర్లు డిస్కుల సొంతం కావు. బూట్ సమయంలో ఏ డిస్కు ముందు కనబడితే దానికి ముందు అక్షరం దక్కుతుంది. కొత్త డిస్కు పెట్టినా, పెన్‌డ్రైవ్ మరచిపోయి వదిలేసినా నిన్నటి ‘బీ’ ఇవాళ ‘సీ’ కావచ్చు. బీఎల్‌కేఐడీ కమాండ్ చూపించే యూయూఐడీ అనే గుర్తింపు సంఖ్య ఫైల్‌సిస్టమ్‌తోనే ఉంటుంది, ఫార్మాట్ చేస్తే తప్ప మారదు. ఎఫ్‌స్టాబ్‌లో దాన్నే రాయండి. రాశాక ఫైండ్‌ఎంఎన్‌టీ కమాండ్‌ను వెరిఫై ఆప్షన్‌తో నడపండి. అక్షరదోషాలుంటే రీబూట్‌కు ముందే చెబుతుంది.

లక్షణం 2: పెద్ద డిస్కు ఖాళీగా ఉంది, సర్వర్ మాత్రం స్థలం లేదంటోంది

లక్షణం 3: ఫోన్ నుంచి ఫోటోలు ఎక్కాయి, షేర్‌లో మాత్రం కనబడవు

ఈ రెండింటినీ కలిపే చెప్పాలి, ఎందుకంటే నన్ను మూడు వారాలు ఏమార్చిన సంగతి ఇదే.

నా సర్వర్‌లో సిస్టమ్‌కు 60 జీబీ విభాగం ఉంది, ఫైళ్ల కోసం 4 టీబీ యూఎస్‌బీ డిస్కు ఉంది. అది ఎంఎన్‌టీ అనే సిస్టమ్ ఫోల్డర్ కింద ‘డేటా’ అనే ఫోల్డర్‌లో మౌంట్ అవుతుంది. ఒకరోజు అప్‌డేట్ ఏదో సగంలో ఆగిపోయి, స్థలం లేదని చెప్పింది. ఏ విభాగం ఎంత నిండిందో చూపే డీఎఫ్ కమాండ్ ఇస్తే సిస్టమ్ విభాగంలో 57 జీబీ వాడుకలో ఉంది. ఫైళ్ల సైజులు కూడే డీయూను ఎక్స్ ఆప్షన్‌తో నడిపి ఆ విభాగంలోని ఫైళ్లను లెక్కిస్తే 19 జీబీ తేలింది. మిగతా 38 జీబీ ఎవరి ఖాతాలో ఉంది? లాగ్ ఫైళ్లు చెరిపాను, ప్యాకేజీల క్యాష్ చెరిపాను, పాత కెర్నల్‌లు తీసేశాను. అంకెలు కాస్త తగ్గాయి, ఆ రెండింటి మధ్య తేడా మాత్రం అలాగే ఉంది.

జరిగింది ఇది. కరెంటు పోయి వచ్చింది, సర్వర్ దానంతటదే లేచింది. యూఎస్‌బీ డిస్కు తిరగడం మొదలుపెట్టి సిద్ధం కావడానికి అరనిమిషం పట్టింది. ఎఫ్‌స్టాబ్‌లో నోఫెయిల్ అని రాసి పెట్టుకున్నాను. అది తప్పేమీ కాదు. అది లేకపోతే, డిస్కు ఊడిన రోజున, బూట్‌లో సర్వీసుల్ని మొదలుపెట్టే సిస్టమ్‌డీ మామూలుగా 90 సెకన్లు చూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్లిపోతుంది. మానిటర్ తగిలించని సర్వర్‌కు అది ప్రాణసంకటం. అయితే నోఫెయిల్‌కు ఇంకో అర్థం కూడా ఉంది: మిగతా సర్వీసులు ఈ డిస్కు కోసం ఆగనక్కర్లేదు. అవి ఆగలేదు. ఫోన్ల నుంచి ఫోటోలు అందుకునే కంటైనర్ (డాకర్ అనే ప్రోగ్రామ్ విడిగా ఉంచి నడిపే అప్లికేషన్) డిస్కు కంటే ముందే లేచింది. ‘డేటా’ లోపల ‘ఫోటోలు’ ఫోల్డర్ లేకపోయేసరికి, ఇచ్చిన మార్గం లేకుంటే తానే సృష్టించే అలవాటున్న డాకర్, సిస్టమ్ విభాగంలోనే ఆ ఫోల్డర్‌ను తయారుచేసి కంటైనర్ చేతిలో పెట్టింది.

కొన్ని సెకన్లకు డిస్కు వచ్చి ‘డేటా’ మీద మౌంట్ అయింది. ఇక ఎటు చూసినా అంతా సవ్యమే. ఎల్‌ఎస్‌బీఎల్‌కే బాగుందంటుంది, షేర్‌లో పాత ఫైళ్లన్నీ ఉన్నాయి. కానీ కంటైనర్ మొదట పట్టుకున్న అడుగు ఫోల్డర్‌ను వదల్లేదు. పైన డిస్కు మౌంట్ అయిన సంగతి దానికి చేరదు. డాకర్ మామూలు అమరికలో, కంటైనర్ మొదలయ్యాక బయట జరిగే మౌంట్‌లు లోపలికి కనబడవు. అలా మూడు వారాల ఫోటోలు డిస్కు కింద కప్పబడిన ఫోల్డర్‌లోకి వెళ్లాయి. వాటి మీద డిస్కు కూర్చుని ఉంది కాబట్టి డీయూకు కనబడలేదు. డీఎఫ్ ఫైళ్లను వెతకదు, ఫైల్‌సిస్టమ్ లెక్కనే చదువుతుంది, అందుకే దానికి తెలిసింది.

ఈ రెండు అంకెల తేడాను గుర్తుపెట్టుకోండి. ఎంత చెరిపినా అది తగ్గకపోతే అడుగున చూడాల్సిందే.

అడుగున చూసే పద్ధతి

ముందు ఆపాల్సినవి ఆపండి: సాంబా, కంటైనర్లు, అన్నిటికంటే ముందు రాత్రిపూట నడిచే బ్యాకప్. దాని సంగతి కింద చెబుతాను.

తర్వాత ఎక్కడైనా ఒక ఖాళీ ఫోల్డర్ సృష్టించండి, ‘అడుగు’ అనే పేరు పెట్టండి. మౌంట్ కమాండ్‌ను బైండ్ ఆప్షన్‌తో నడిపి రూట్‌ను, అంటే అన్నిటికంటే పై ఫోల్డర్‌ను (/), ఆ ఫోల్డర్ మీద మౌంట్ చేయండి. ఇప్పుడు ‘అడుగు’ లోపల సిస్టమ్ విభాగం మాత్రమే కనిపిస్తుంది. దాని మీద మౌంట్ అయిన డిస్కులు ఇందులోకి రావు. అందులో ఎంఎన్‌టీలోకి, అక్కడినుంచి ‘డేటా’లోకి వెళ్లండి. అది ఖాళీగా ఉండాలి. నాకు అక్కడ 38 జీబీ ఫోటోలు పలకరించాయి.

ఇక్కడ వాడాల్సింది బైండ్, ఆర్‌బైండ్ కాదు. ఆర్‌బైండ్ ఇస్తే మీద ఉన్న డిస్కులు కూడా వెంట వచ్చేస్తాయి. అప్పుడు మీరు అడుగున ఉన్నాయనుకుని చెరిపేవి అసలు ఫైళ్లే అవుతాయి. అనుమానం ఉంటే ఆ ఫోల్డర్‌లో నిలబడి డీఎఫ్ హైఫన్ హెచ్ అని, ఖాళీ వదిలి ఒక చుక్క పెట్టి చూడండి. 60 జీబీ విభాగం కనబడితే సరైన చోటే ఉన్నారు. 4 టీబీ కనబడితే చేతులు కీబోర్డు మీదనుంచి తీయండి.

ఫైళ్లను పెద్ద డిస్కులోని అసలు ఫోల్డర్‌లోకి నేరుగా కలపవద్దు. ఒకే పేరుతో రెండు చోట్లా ఫైళ్లు ఉండవచ్చు. డిస్కులో ‘దొరికినవి’ అని వేరే ఫోల్డర్ పెట్టి ఆర్‌సింక్‌తో అందులోకి తెచ్చుకోండి, చెక్‌సమ్ ఆప్షన్‌తో రెండోసారి నడిపి సరిచూడండి, ఆ తర్వాతే అడుగున చెరపండి. తీరిక ఉన్నప్పుడు వాటిని విడదీసుకోవచ్చు.

మళ్లీ జరగకుండా

‘అడుగు’ ఇంకా తెరిచి ఉండగానే ఒక పని చేయండి. ఖాళీ అయిన ఆ ‘డేటా’ ఫోల్డర్‌కు సీహెచ్‌ఏటీటీఆర్ కమాండ్‌తో ప్లస్ ఐ గుర్తు పెట్టండి. ఈ గుర్తున్న ఫోల్డర్‌లో సర్వాధికారాలున్న రూట్ యూజర్ కూడా కొత్త ఫైలు సృష్టించలేరు, కానీ దాని మీద డిస్కును మౌంట్ చేయడానికి అడ్డేమీ ఉండదు. ఇక డిస్కు రాని రోజున ఎవరు రాయబోయినా ‘అనుమతి లేదు’ అని ముఖాన కొట్టినట్టు ఎర్రర్ వస్తుంది. మనకు కావలసింది అదే. గుర్తు పెట్టాల్సింది అడుగు ఫోల్డర్‌కే. డిస్కు మౌంట్ అయి ఉన్నప్పుడు మామూలు మార్గంలో వెళ్లి పెడితే అది డిస్కు లోపలి ఫోల్డర్‌కు పడుతుంది, మంచి రోజుల్లో కూడా అక్కడ కొత్తగా ఏదీ సృష్టించలేరు.

రెండోది సర్వీసుల వరుస. సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్‌తో సాంబా సర్వీసు తెరిచి, యూనిట్ విభాగంలో ‘రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్’ అనే వరుస రాసి డేటా మార్గం ఇవ్వండి. ఆ సర్వీసు పేరు డెబియన్, ఉబుంటులలో ఎస్‌ఎంబీడీ, ఫెడోరాలో ఎస్‌ఎంబీ. డాకర్‌కూ ఇదే చేయండి. డిస్కు మౌంట్ కాకపోతే ఇక ఆ సర్వీసులు మొదలుకావు. సాంబాకు బదులు ఎన్‌ఎఫ్‌ఎస్‌తో ఫోల్డర్లు పంచేవాళ్లకు ఇంకా తేలిక: ఎక్స్‌పోర్ట్స్ ఫైలులో ఎంపీ అనే ఆప్షన్ ఉంది. అది పెడితే నిజంగా మౌంట్ అయిన ఫోల్డర్‌నే పంచుతుంది.

మూడోది బ్యాకప్. ఇంకో సందర్భంలో కేబుల్ వదులై డిస్కు అసలు మౌంట్ కాలేదు. రాత్రి రెండింటికి, వేళకు పనులు నడిపే క్రాన్ లేచి, డిలీట్ ఆప్షన్ (మూలంలో లేనివాటిని గమ్యంలోనూ చెరిపేది) ఉన్న ఆర్‌సింక్‌ను నడిపింది. మూలం ఖాళీగా ఉంది కాబట్టి బ్యాకప్‌నూ పొల్లుపోకుండా ఖాళీ చేసింది. ఆర్‌సింక్ తప్పు లేదు, చెప్పింది చేసింది. అసలు డిస్కు క్షేమంగా ఉండబట్టి బతికిపోయాను. అందుకే స్క్రిప్టు మొదటి వరుసలోనే మౌంట్‌పాయింట్ కమాండ్‌తో మూలాన్నీ గమ్యాన్నీ రెండింటినీ పరీక్షించండి, ఏ ఒక్కటి మౌంట్ కాకపోయినా అక్కడే ఆపండి. గమ్యం ఎందుకంటే, బ్యాకప్ డిస్కు మౌంట్ కాని రోజున ఆ కాపీ అంతా సిస్టమ్ విభాగంలోకి పోయి అది నిండేదాకా పడుతుంది. ఆర్‌సింక్ ఒక్కసారికి ఎన్ని ఫైళ్లు చెరపవచ్చో చెప్పే మ్యాక్స్‌డిలీట్ పరిమితి కూడా పెట్టుకుంటే నష్టం లేదు.

అడుగున ఏమీ దొరక్కపోతే

డీఎఫ్‌కూ డీయూకూ తేడా ఉండి అడుగు ఖాళీగా ఉంటే, చెరిపిన ఫైలును ఏదో ప్రోగ్రామ్ ఇంకా తెరిచి పట్టుకుని ఉంటుంది. ఎల్‌ఎస్‌ఓఎఫ్ చూపిస్తుంది, ఆ సర్వీసును రీస్టార్ట్ చేస్తే స్థలం తిరిగివస్తుంది. ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ మామూలుగా 5 శాతం రూట్ యూజర్ కోసం దాచిపెడుతుంది. 4 టీబీ డేటా డిస్కులో అది 200 జీబీ. ట్యూన్2ఎఫ్‌ఎస్‌తో తగ్గించుకోండి. స్థలం ఉన్నా ఫైలు సృష్టించలేకపోతే ఐనోడ్‌లు (ఫైలుకొకటి చొప్పున ఖర్చయ్యే నమోదులు) అయిపోయి ఉంటాయి. ఇంటి సర్వర్లలో అరుదు.

డిస్కు చదవడానికి మాత్రమే పనిచేస్తుంటే డీఎంఈఎస్‌జీ కమాండ్ చూపే కెర్నల్ సందేశాలు చదవండి. డిస్కు తన ఆరోగ్యం గురించి చెప్పే స్మార్ట్ వివరాల్లో 199వ అంశం (డేటా బదిలీలో దోషాల లెక్క) పెరుగుతుంటే ముందు కేబుల్ మార్చండి, 197వ అంశం (చదవలేక అనుమానంలో ఉంచిన సెక్టార్ల లెక్క) సున్నా కాకపోతే ఇవాళే ఫైళ్లు కాపీ చేసుకోండి. పాస్‌వర్డ్ తప్పంటే, సాంబా పాస్‌వర్డ్ వేరు, సిస్టమ్ పాస్‌వర్డ్ వేరు. వేగం సెకనుకు 11 మెగాబైట్ల దగ్గరే ఆగితే లింకు 100 మెగాబిట్లకు పడిపోయింది, ఈథర్నెట్ కేబుల్ మార్చండి.

అన్నీ అమర్చాక ఒక్కసారి పరీక్షించండి. సర్వర్ ఆపి, డేటా డిస్కు కేబుల్ తీసి, మళ్లీ మొదలుపెట్టి రెండు నిమిషాలు ఆగండి. షేర్ కనబడకూడదు, జర్నల్‌లో (సిస్టమ్‌డీ లాగ్‌లో) సాంబా ఎదురుగా ‘డిపెండెన్సీ ఫెయిల్డ్’ అని ఉండాలి. ఖాళీ షేర్ తెరుచుకుంటే రెండో పని సరిగా జరగలేదు. కేబుల్ మళ్లీ పెట్టాక సాంబా తనంతట తాను లేస్తుందని ఎదురుచూడకండి. డిస్కును మౌంట్ చేసి దాన్నీ, డాకర్‌నూ మీరే మొదలుపెట్టాలి.