పూలు కట్టే చేతికి ప్రభావళి: మూడు తరాల బొమ్మను కలంకారీలో గీసే విధానం

మెక్సికన్ మూలాలున్న అమెరికన్ మహిళల్లో చాలామంది తమను చికానా అని గర్వంగా చెప్పుకుంటారు. వారిలో యోలాండా లోపెజ్ అనే చిత్రకారిణి 1978లో, తమవారు కొలిచే గ్వాడలూపే మాత (మెక్సికోలో కొలిచే మేరీ మాత రూపం) చుట్టూ ఉండే కాంతిని, నక్షత్రాల మేలిముసుగును తీసుకుని మూడు బొమ్మలు గీశారు. ఒకదానిలో తాను పరుగెత్తుతుంటారు, మరొకదానిలో తల్లి మిషను మీద ఆ ముసుగునే కుడుతుంటారు, మూడోదానిలో అమ్మమ్మ కత్తి, పాము చర్మం పట్టుకుని కూర్చుంటారు. గంగమ్మ జాతరలో వేషం కట్టిన మనిషిలోనే అమ్మవారిని చూసే తిరుపతివాళ్లకు ఈ ఆలోచన పరాయిది కాదు కనుక, నా విద్యార్థులకు దీన్ని మన శ్రీకాళహస్తి కలంకారీలో గీయమని చెబుతాను.

ముందుగా అమ్మమ్మ దగ్గర, తరువాత అమ్మ దగ్గర పని వేళ అరగంట కూర్చోండి. మల్లెలు కట్టేటప్పుడు దారం ఏ వేలికి చుట్టుకుంటుందో, కాడలు ఎటు తిరిగి ఉంటాయో, ముడి బిగించేటప్పుడు మణికట్టు ఎంత వంగుతుందో చూసి కాగితం మీద పదిసార్లు గీయండి. ముఖం పోలిక కాస్త తప్పినా సర్దుకోవచ్చు గానీ చేతులు తప్పితే బొమ్మలో ఆ మనిషి ఉండదు. మీ బొమ్మకూ నవ్వుతూ నిలబడిన ఫోటో వద్దు, మీరు నిజంగా చేసే పనే కావాలి.

గంజి పోయేలా ఉతికిన నూలుగుడ్డను కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి, పిండి, ఎండలో ఆరబెట్టండి. పాలలోని కొవ్వు వల్ల రంగు పాకదు. చింతపుల్ల బొగ్గుతో రేఖలు వేసుకుని, ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో పులియబెట్టిన కసిం అనే నల్లరంగును వెదురు కలానికి చుట్టిన ఉన్నిలో పీల్పించి, ఉన్నిని మెల్లగా నొక్కుతూ గీయండి. గీత మొదట వెలిసినట్టు కనిపిస్తే కంగారుపడి మళ్లీ దిద్దవద్దు, కరక్కాయతో కలిసి అది కొద్దిసేపట్లో తానే నల్లబడుతుంది. ఎరుపు కావాలంటే, ఆ రంగు గుడ్డకు పట్టేలా చేసే పటిక పని తెలిసినవారి దగ్గర నేర్చుకోండి.

గ్వాడలూపే మాత చుట్టూ ఉండే కాంతికి బదులు మనం వేసే ప్రభావళిని, అంటే దేవతల వెనుక ఉండే మకరతోరణాన్ని మాత్రం ఆఖరున, పెద్దవాళ్లను అడిగి, వారు ఒప్పుకున్నాకే వేయండి. నాలుగు చేతులు, ఆయుధాలు అక్కరలేదు, పనిచేసే రెండు చేతులు చాలు. శ్రీకాళహస్తి పద్ధతిలో బొమ్మ కింద పట్టీలో తెలుగు అక్షరాలు రాసే ఆచారముంది కాబట్టి, అక్కడ వారి మాటే రాయండి. అమ్మమ్మ "పూలు కడతా ఉండా" అంటే దాన్ని "కడుతున్నాను" అని దిద్దకుండా, ఆమె అన్నట్టే రాయండి.